కంప్యూటర్‌లో నీళ్లు ఎటు పోతున్నాయి?

“అమ్మా, నీ కంప్యూటర్‌లో నీళ్లు తగ్గాయి, చూసుకున్నావా?” అని మొదట అడిగింది నాన్న. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఏ బండి దగ్గరికి వెళ్లినా ముందు ఆయిలు, నీళ్లు చూడనిదే ఆయనకు తోచదు. నా బల్ల పక్కన అద్దాల క్యాబినెట్‌లో నీలం నీళ్ల ట్యాంకు ఎదురుగా కనిపిస్తుంటే ఇంక ఊరుకుంటారా! కాఫీ గ్లాసుతో వచ్చి దాన్నీ ఒకసారి తనిఖీ చేసి వెళ్తారు.

నేను బిల్డర్లకు త్రీడీ వాక్‌త్రూలు, అంటే కట్టబోయే ఇంట్లో నడుస్తూ చూస్తున్నట్టుండే వీడియోలు, చేసి ఇస్తాను. పునాదులు కూడా తవ్వని అపార్ట్‌మెంటులో బాల్కనీ మీద ఎండ ఎలా పడుతుందో చూపించాలంటే కంప్యూటర్ రాత్రంతా రెండర్ చేస్తూనే, అంటే ఒక్కో దృశ్యాన్నీ లెక్కగట్టి బొమ్మగా మారుస్తూనే, ఉండాలి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ గంటల తరబడి పూర్తి బలంతో పనిచేస్తాయి. హైదరాబాద్ ఎండలకు పై అంతస్తు గదిలో ఆ ఫ్యాన్ల హోరు భరించలేక వాటర్ కూలింగ్‌కు, అంటే నీటిని తిప్పి ఆ వేడిని లాగేసే పద్ధతికి, మారాను. సీలు వేసి అమ్మే రెడీమేడ్ రకం కాదు. విడిభాగాలు కొని కూర్చుకున్నది. నిలువుగా ఉండే గొట్టంలాంటి ట్యాంకు, దాని అడుగున డి5 రకం పంపు. అక్కడి నుంచి నీరు ముందువైపున్న 360 మిల్లీమీటర్ల రేడియేటర్‌కు, తర్వాత గ్రాఫిక్స్ కార్డు బ్లాకుకు (చిప్పు మీద కూర్చుని దాని వేడిని నీటికి అందించే లోహపు దిమ్మ), ప్రాసెసర్ బ్లాకుకు, పైనున్న 240 మిల్లీమీటర్ల రేడియేటర్‌కు వెళ్లి మళ్లీ ట్యాంకులోకి వస్తుంది. మొత్తం కలిపి లీటరు కూలెంట్, అంటే ఇందులో తిరిగే రంగునీరు, పడుతుంది. ఆ లీటరు కరెంటు పారే బోర్డుల మీదుగా తిరుగుతుంటుంది కనుక అందులో చెంచాడు కనబడకపోయినా నిద్ర పట్టదు.

“లీకేజీయే. ఇంకేముంటుంది?” అన్నారు నాన్న. బస్సు రేడియేటర్ సంగతి వేరు. అక్కడ నీరు మరిగేంత దాకా వెళ్తుంది, మూత వాల్వు వదిలేస్తుంది, ఆవిరై పోతుంది. నా కూలెంట్ ఎంత ఎండాకాలమైనా 50 డిగ్రీలు దాటదు. దాటనివ్వను కూడా. డి5 పంపుకు 60 డిగ్రీలు పైహద్దు. కాబట్టి మరిగి పోయే అవకాశం లేదు. కానీ లీకేజీ లేకుండానే ఈ ట్యాంకులో మట్టం తగ్గే దారులు ఇంకా ఉన్నాయి. ఏది జరుగుతోందో తేలకుండా స్పానర్ పట్టుకుంటే సరిగ్గా ఉన్న జాయింట్లను కూడా పాడుచేసుకోవడమే.

మొదటి అనుమానం గాలి. కొత్తగా నింపిన ప్రతిసారీ రేడియేటర్ల సన్నని గొట్టాల్లో, బ్లాకుల మూలల్లో గాలి బుడగలు ఇరుక్కుంటాయి. నీరు తిరిగే కొద్దీ అవి ఒక్కొక్కటిగా ట్యాంకు పైభాగానికి చేరతాయి, ఖాళీ అయిన చోటును నీరు నింపుతుంది, ట్యాంకులో మట్టం దిగుతుంది. చుక్క కూడా బయటికి పోకుండానే ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గవచ్చు. దీని గుర్తు ఏమిటంటే, మొదట్లో గబగబా తగ్గి, తర్వాత నెమ్మదించి, ఆగిపోతుంది. పంపు వేగం పెంచుతూ తగ్గిస్తూ, క్యాబినెట్‌ను ముందుకూ వెనక్కూ పక్కలకూ వంచుతూ ఆ గాలిని త్వరగా బయటికి రప్పించవచ్చు. నేను నింపి నెలలు దాటింది. వంచి చూసినా ఒక్క బుడగ రాలేదు, పంపు దగ్గర గలగల కూడా లేదు. గాలి సంగతి అక్కడికి ముగిసింది.

రెండోది గొట్టాలు. చాలామంది దీన్ని నమ్మరు. మెత్తటి గొట్టం గోడ గుండా నీటి ఆవిరి చాలా నెమ్మదిగా బయటికి పోతూనే ఉంటుంది. గొట్టం రకాన్నిబట్టి, పొడవునుబట్టి వేగం మారుతుంది. కూలెంట్ వేడెక్కితే, బయటి గాలి పొడిగా ఉంటే ఇంకా పెరుగుతుంది. మన ఏప్రిల్, మే నెలల్లో ఈ రెండూ ఉంటాయి. సీలు వేసిన రెడీమేడ్ కూలర్లు కొన్నేళ్లకు గుడగుడలాడటానికి కూడా ఇదొక కారణం. దీని నడక నిలకడగా ఉంటుంది: ఆగదు, హఠాత్తుగా పెరగదు.

మూడోది నిజమైన లీకేజీ.

కాబట్టి ఎంత తగ్గిందన్నదాని కంటే ఏ తీరున తగ్గుతోందో ముందు తెలియాలి. ట్యాంకు మీద సన్నగా మాస్కింగ్ టేపు అతికించి మట్టం దగ్గర గీత పెట్టాను. కొలిచేది ఎప్పుడూ ఒకే పరిస్థితిలో: రెండర్ లేని రాత్రి తర్వాత, పొద్దున్నే, పంపు ఆపి, అంతా చల్లబడ్డాక. ఈ నియమం లేకపోతే గీతలకు అర్థం ఉండదు. నీరు 30 డిగ్రీల నుంచి 45కు వేడెక్కితే లీటరుకు 5 మిల్లీలీటర్లకు పైగా వ్యాకోచిస్తుంది. నా ట్యాంకు లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు, అంటే మట్టంలో ఒక మిల్లీమీటరు తేడా దాదాపు 2 మిల్లీలీటర్లతో సమానం. వేడికే మట్టం రెండు మూడు మిల్లీమీటర్లు పైకి రావాలి. ఇంకోవైపు వేడికి గొట్టాలు మెత్తబడి కాస్త ఉబ్బుతాయి, దాంతో కిందికి దిగాలి. ఈ లాగులాటలో రాత్రి చూసిన మట్టానికీ పొద్దున చూసిన మట్టానికీ పొంతన కుదరదు.

గీతలు చెప్పింది ఇది. రెండర్లు లేని వారంలో తగ్గుదల ఉందా లేదా అన్నట్టుంది. పని ఎక్కువున్న వారంలో సెంటీమీటరు దిగింది, అంటే 20 మిల్లీలీటర్లు. గొట్టాల్లోంచి పోయేదైతే వేడికి కొంత పెరుగుతుంది గానీ ఇంత తేడా రాదు.

సికింద్రాబాద్‌లో పార్క్ లేన్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి తెలిసిన దుకాణంలో అడిగాను. అక్కడ నిలబడ్డ ఒకాయన, “ఏసీ గది కదా మేడమ్, బ్లాకు మీద చెమట పట్టి ఆరిపోతూ ఉంటుంది” అన్నారు. చెమట పట్టాలంటే ఆ లోహం గది గాలికంటే చల్లగా ఉండాలి. రేడియేటర్, ఫ్యానుతో నడిచే కూలెంట్ ఎప్పుడూ గదికంటే కాస్త వేడిగానే ఉంటుంది. పైగా బయట చెమట పడితే లోపలి నీరు ఎందుకు తగ్గుతుంది? వాదించలేదు. చేతి పంపు, గేజి ఉన్న లీక్ టెస్టర్ కొనుక్కుని వచ్చాను.

ఇంటికి రాగానే నాన్న, “ఇవన్నీ ఎందుకు? చిటికెడు పసుపు వేద్దామా?” అన్నారు. సరదాకే అన్నారు గానీ, దారిలో రేడియేటర్ కారుతుంటే పసుపు పోసి డిపో దాకా బండిని లాక్కొచ్చిన డ్రైవర్లను ఆయన చూశారు. నా బ్లాకుల్లో రాగి రెక్కల మధ్య సందు అర మిల్లీమీటరు కూడా ఉండదు. లీకేజీ సంగతేమో గానీ ముందు అవి పూడుకుపోతాయి.

ఒత్తిడి పరీక్షకు క్యాబినెట్‌ను పక్కకు పడుకోబెట్టి కూలెంట్ అంతా సీసాలోకి దించాను. లూప్, అంటే ఈ నీళ్ల దారి మొత్తం, ఖాళీ అయ్యాక ట్యాంకు మూత స్థానంలో టెస్టర్ బిగించి 0.5 బార్ దాకా గాలి కొట్టాను (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి). డి5 పంపు ఎంత గట్టిగా తోసినా నాలుగు మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడికి, అంటే సుమారు 0.4 బార్‌కు మించదు. కాబట్టి 0.5 దగ్గర నిలిస్తే చాలు. అంతకుమించి కొడితే బ్లాకుల మీది యాక్రిలిక్ (గాజులాంటి ప్లాస్టిక్) మూతలకే ముప్పు.

ముల్లు కాసేపు కదలలేదు. తర్వాత మెల్లగా 0.45కు దిగి ఆగింది. దొరికిందనుకునే లోపే ఏసీ వేసి పది నిమిషాలైందని గుర్తొచ్చింది. గేజి చూపేది 0.5 అయినా లోపలి అసలు ఒత్తిడి వాతావరణంతో కలిపి 1.5 బార్. గది 36 డిగ్రీల నుంచి 26కు చల్లబడితే గాలి సంకోచించి సరిగ్గా 0.05 బార్ దగ్గర తగ్గాలి. లీకేజీ అయితే ముల్లు దిగుతూనే ఉండాలి, ఇది ఆగింది. ఏసీ కట్టేసి గది మళ్లీ వేడెక్కాక చూస్తే ముల్లు తిరిగి పైకి వచ్చింది. లూప్ బిగుతుగా ఉందన్నమాట!

గేజి ఏ తప్పూ లేదంటోంది, టేపు మీద గీతలు ఉందంటున్నాయి. రెండూ అబద్ధం చెప్పవు. మళ్లీ నింపి, గాలి తీసి, గీతలు మొదటి నుంచి మొదలుపెట్టాను.

ఈసారి పోయిన నీటి జాడ వెతకాలనుకున్నాను. కూలెంట్‌లో నీరే కాదు, గ్లైకాల్ అనే జిగట ద్రవం, తుప్పు నిరోధకాలు, రంగు కూడా ఉంటాయి. గొట్టం గోడలోంచి పోయేది నీటి ఆవిరి మాత్రమే, అది మరక మిగల్చదు. జాయింటు నుంచి ఊరితే నీరు ఆరిపోయినా మిగతావి అక్కడే ఉండిపోతాయి. నేను వాడే కూలెంట్‌లోని రంగు అతినీలలోహిత కాంతిలో మెరుస్తుంది. ఆ లైటు కోసం ఎక్కడికో వెళ్లనక్కరలేదు, దొంగనోట్లు పట్టుకోవడానికి కిరాణా దుకాణాల్లో పెట్టుకునే చిన్న టార్చే అది.

గదిలో దీపాలు ఆర్పి ఆ టార్చి వేస్తే లోపల దీపావళి కనిపించింది. ప్రతి మూలా మెరుస్తోంది. చూస్తే అవన్నీ బట్టల నుంచి రాలిన నూలు పోగులు. బట్టల సబ్బుల్లో తెల్లదనం కోసం కలిపే పదార్థం కూడా ఇదే కాంతికి మెరుస్తుంది. జాయింట్ల కింద పరిచిన తెల్ల టిష్యూ కాగితాలైతే ట్యూబులైట్లే. కాగితాలన్నీ తీసేసి, ప్రతి ఫిట్టింగునూ డిస్టిల్డ్ నీటితో తడిపిన దూదిపుల్లతో తుడిచి, దుమ్ము ఊది, శుభ్రం చేశాక రెండు పెద్ద రెండర్లు నడిపాను. ఆ తర్వాత టార్చి వేస్తే లోపలంతా చీకటిగా ఉంది, ఒక్క చోట తప్ప.

గ్రాఫిక్స్ కార్డు బ్లాకులోకి నీరు వెళ్లే చోట అడుగువైపు ఒక 90 డిగ్రీల మోచేయి ఫిట్టింగు ఉంది. గొట్టాన్ని ఎటు కావాలంటే అటు తిప్పుకోవడానికి వీలుగా మధ్యలో తిరిగే రకం. ఆ తిరిగే కీలు చుట్టూ, కిందివైపు సగభాగంలో, గోరంచు మందాన నీలిగీత మెరుస్తోంది. మామూలు వెలుతురులో ఫోను కెమెరా కిందకు పెట్టి తీసినా అక్కడ నికెల్ పూత మెరుపే తప్ప ఏమీ కనబడలేదు. వేలితో తాకితే మాత్రం పాకంలా జిగురుగా తగిలింది. అదే గ్లైకాల్. చుక్కగా జారేంత నీరు అక్కడ ఎప్పుడూ చేరలేదు. కార్డు వేడికి ఊరింది ఊరినట్టే ఆరిపోతోంది. కింద టిష్యూ తడవకపోవడానికి కారణం అదే.

అయితే గేజి ఎందుకు పట్టలేదు? నాన్న కార్డు చివర వేలు పెట్టి కాస్త పైకి లేపి వదిలి, “ఇది వాలిపోయింది చూడు” అన్నారు. రాగి బ్లాకు, అందులోని నీళ్లతో కలిపి ఆ కార్డు బరువు తక్కువేమీ కాదు. ఒకవైపే స్క్రూలు, రెండోవైపు ఆధారం లేదు. నెలల తరబడి వేడి మీద చివరి భాగం కిందికి వాలింది. కార్డుతో పాటు ఫిట్టింగూ వాలింది. ముందు రేడియేటర్ నుంచి వచ్చే గొట్టం మాత్రం పొట్టిగా, బిగుసుగా ఉంది, దాంతో పాటు వాలదు. కీలు మీద పక్కకు బలం పడుతోంది. లోపలి ఓ-రింగు, అంటే నీరు కారకుండా ఆపే రబ్బరు రింగు, ఒకవైపు నలిగి, ఎదురువైపు వదులైంది. నేను ఒత్తిడి పరీక్ష చేసినప్పుడు క్యాబినెట్ పడుకుని ఉంది. పడుకోబెడితే కార్డు నిలువుగా నిలబడుతుంది, వాలడమన్నది ఉండదు, ఓ-రింగు చక్కగా కూర్చుంటుంది. ముల్లు నిలబడక ఏం చేస్తుంది!

మళ్లీ కూలెంట్ దించాను. ఈసారి క్యాబినెట్‌ను మామూలుగా నిలబెట్టి 0.5 బార్ కొట్టాను. ఏసీ ముందే కట్టేశాను. ముల్లు వెంటనే పడిపోలేదు గానీ, టీ తాగి వచ్చేసరికి 0.4 కిందికి వచ్చింది. కార్డు చివర ఒక డబ్బా ఆనించి మళ్లీ కొడితే కదల్లేదు. డబ్బా తీస్తే మళ్లీ దిగింది. ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు కానీ ఇంకో చిక్కు ఉంది. ఆ ఒక్క చోటే మూడు సీళ్లున్నాయి: బ్లాకులోకి దిగే థ్రెడ్డు దగ్గరి ఓ-రింగు, తిరిగే కీలులోది, గొట్టాన్ని పట్టుకునే కాలరు. పైదానిలోంచి ఊరినా కిందికే జారుతుంది. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే మళ్లీ ఇదే తంతు.

ఇక్కడి నుంచి పని నాన్న చేతికి వెళ్లింది. ఫిట్టింగు విప్పి, దానికి జానెడు గొట్టం తగిలించి, రెండో కొసన టెస్టర్, ఫిట్టింగు నోటికి బిరడా బిగించాం. ప్లాస్టిక్ బేసినులో నీళ్లు పోసి ముంచారు. 0.5 బార్ దగ్గర ఊరికే పట్టుకుంటే ఏమీ లేదు. బొటనవేలితో ఫిట్టింగు మోచేయిని పక్కకు నొక్కగానే కీలు సందులోంచి ఆవగింజంత బుడగ వచ్చి, కాసేపు అంటుకుని ఉండి, పైకి తేలింది. నొక్కు వదిలితే ఆగిపోయింది. థ్రెడ్డు దగ్గర, కాలరు దగ్గర ఎంత నొక్కినా బుడగ లేదు. “ట్యూబు పంక్చర్‌కూ దీనికీ తేడా లేదమ్మా” అన్నారు నాన్న, చాలా సంతోషంగా.

దీనికి టెఫ్లాన్ టేపు చుడితే సరిపోదా అని కూడా అడిగారు. ఈ ఫిట్టింగులకు వాడే జి 1/4 థ్రెడ్డు కుళాయి థ్రెడ్డులా కోసుగా ఉండదు, సమాంతరంగా ఉంటుంది. నీటిని ఆపేది థ్రెడ్డు కాదు, కింద నలిగే ఓ-రింగు. టేపు చుడితే ఓ-రింగు సరిగ్గా ఆనక లేని లీకేజీ వస్తుంది. స్పానర్‌తో బిగించడమూ అంతే చేటు. చేతి వేళ్లతో బిగించి, అది ఆనిన తర్వాత ఇంకొంచెం తిప్పితే చాలు.

తిరిగే ఫిట్టింగులో ఓ-రింగు మార్చవచ్చు, కానీ నాకు దాని మీద నమ్మకం పోయింది. నా అభిప్రాయంలో ఇవి బరువు పడని చోట వాడుకోవలసినవి. కార్డు దగ్గర తిన్నటి ఫిట్టింగు పెట్టి, గొట్టాన్ని కాస్త పొడవుగా కోసి, విశాలంగా వంపు తిప్పాను. చూడటానికి మునుపటంత అందంగా లేదు. కార్డు కింద ఆధారానికి బజారులో రకరకాల స్టాండ్లున్నాయి గానీ, నాన్న తన సామాన్ల పెట్టెలోంచి పొడవాటి బోల్టు, రెండు నట్లు తీసి, పైన సైకిల్ ట్యూబు ముక్క అతికించి, ఎత్తు సర్దుకునే కాలు ఒకటి తయారుచేశారు. నట్టు అర చుట్టు తిప్పితే కార్డు సమంగా నిలిచింది.

శుభ్రం చేసేటప్పుడు ఒక జాగ్రత్త. బోర్డు మీద జిగురు పోవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మంచిదే, కానీ అది యాక్రిలిక్‌కు తగిలితే సన్నని పగుళ్లు వస్తాయి. బ్లాకు మూత దగ్గర డిస్టిల్డ్ నీళ్లు, దూదిపుల్లే వాడాను. కార్డుకు ఏ హానీ జరగలేదు. తడి ఆ ఫిట్టింగు మీదే ఆరిపోయింది, బోర్డు దాకా వెళ్లలేదు.

నింపి మొదటిసారి తిప్పేటప్పుడు మదర్‌బోర్డు, కార్డు వైర్లన్నీ తీసి, పవర్ సప్లై పెద్ద కనెక్టరులో పచ్చతీగను నల్లతీగతో చిన్న వైరు ముక్కతో కలిపి, పంపు ఒక్కదానికే కరెంటు ఇచ్చాను. ఎక్కడైనా కారినా తడిసేది కరెంటు లేని బోర్డే. రాత్రంతా అలాగే తిప్పి, పొద్దున టార్చి వేసి చూసి, ఆ తర్వాతే మిగతా వైర్లు పెట్టాను.

ట్యాంకులో మట్టం మొదట్లో గబగబా దిగింది. ఆ పాత గాలి వ్యవహారమే. తర్వాత ఆగింది. ఇప్పుడు రెండర్లు నడిచినా నడవకపోయినా నెలకు రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా తగ్గుతోంది. అది గొట్టాల వాటా. దానికి డిస్టిల్డ్ నీళ్లు మాత్రమే పోస్తాను, ఎందుకంటే పోయింది నీరే. గ్లైకాల్, మందులు లోపలే ఉన్నాయి. ఆ లోటును కూలెంట్‌తో పూడిస్తే మిశ్రమం చిక్కబడుతూ పోతుంది. లీకేజీతో పోయిన దాన్ని మాత్రం కూలెంట్‌తోనే భర్తీ చేయాలి. బోరు నీళ్లు, ఫిల్టర్ నీళ్లు దగ్గరికి రానివ్వను. బ్యాటరీ దుకాణాల్లో దొరికే క్యాను కొనేముందు కూడా అది డిస్టిల్డా, లవణాలు తీసిన నీరా అని లేబులు చదువుతాను. వానలు మొదలై గాలిలో తేమ పెరిగి, గది చల్లబడ్డాక, ఆ రెండు మిల్లీమీటర్లు కూడా ఒకటికి దిగాయి.